నాలుగుసార్లు అడిగిన గొంతు

మొన్న పొద్దున ఫిల్మ్ నగర్‌లో కథాచర్చలో ఉండగా డబ్బింగ్ స్టూడియో నుంచి ఫోన్ వచ్చింది. "అక్క పోయిందండీ. గుండెపోటట." అప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. కాగితం ముందేసుకుంటాను, లేస్తాను, బాల్కనీలోకి వెళ్తాను, మళ్లీ వస్తాను.

సినిమాల్లో తల్లులకూ అత్తలకూ గొంతిచ్చిన మనిషి ఆమె. మా అందరికీ అక్కే. మైకు ముందుకెళ్లేటప్పుడు చప్పుడు చేస్తాయని గాజులు తీసి కొంగున ముడేసుకునేది. మైకులో కోస్తా మాట. బయటికొస్తే తన రహమత్ నగర్ తెలంగాణ మాట.

రెండేళ్ల కిందట నేను మాటలు రాసిన సినిమాలో, మతిమరుపు జబ్బున్న ఒక ముసలమ్మ కొడుకుని "అన్నం తిన్నావా?" అని నాలుగుసార్లు అడుగుతుంది. జనం నవ్వాలనే రాశాను. నాలుగుసార్లూ చిలక పలికినట్టు ఒకేలా చెప్పమన్నాను. అక్క వినలేదు. ప్రతిసారీ, కొడుకు అప్పుడే గుమ్మంలోకి వచ్చినంత ఆత్రంగా అడిగింది.

"ఇలా అయితే ఎవరు నవ్వుతారక్కా?" అన్నాను విసుగ్గా.

"మా అత్తమ్మకు గిదే బీమారి తమ్మీ. ఇనేటోళ్లకు ఇరవయ్యోసారి. అడిగేటామెకు ఎప్పుడూ మొదటిసారే. గది తెల్వక నేను సుత మస్తు అరిసిన."

దర్శకుడు ఆమె చెప్పిందే ఉంచాడు. థియేటర్లో మొదటిసారికి నవ్వారు. నాలుగోసారికి హాలంతా నిశ్శబ్దం.

ఆ తర్వాత ఒకావిడ నాకు ఉత్తరం రాసింది: 'మీ మాటలు విన్నాక మా నాన్నను కసురుకోవడం మానేశాను.' అక్కకు చదివి వినిపించాను. "అరుసుడు బంద్ చేసింది గద, చాలు" అంది. ఆవిడకు జవాబు రాస్తూ మాత్రం అక్క ఊసెత్తలేదు. ఎక్కడా ఎత్తలేదు. ఆ మెచ్చుకోలంతా నేనే పుచ్చుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను, ఆమె వినలేనప్పుడు.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. అక్క భర్త నన్ను వాకిట్లోనే ఆపి, "అమ్మకు మూడుసార్లు చెప్పిన సార్. మూడుసార్లూ అప్పుడే ఇన్నట్టు ఏడ్చింది. ఇగ నాతోని కాదు" అన్నాడు.

లోపల మంచం మీదున్న పెద్దావిడ నన్ను చూసింది. "స్టూడియోకెల్లి వచ్చినవా బిడ్డా? మా కోడలేది?"

మాటలు రాసి బతికేవాణ్ణి. ఆమె దగ్గరికి వంగి ఒక మాట అల్లాను.

"వస్తోందమ్మా, వెనకే" అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. కొంచెం పక్కకు జరిగి, మంచం మీద ఖాళీ అయిన చోటును అరచేత్తో దులిపింది.