హాంగ్‌జౌ ఏ సంవత్సరం?

2024 ఆగస్టులో, నా పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలు ఉండగా, మా ఫ్యాక్టరీ స్పోర్ట్స్ కోటా నియామకాల కమిటీకి నన్ను మెంబర్ సెక్రటరీగా వేస్తూ ఆర్డరు వచ్చింది. ఫ్యాక్టరీ బెంగళూరులో, కాడుగోడి అవతల. ప్రభుత్వ రంగ సంస్థ అని మాత్రం చెప్పి పేరు దాటవేస్తాను. ఈ కథలో ఉన్నవాళ్ళు కొందరు ఇంకా ఆ క్యాంటీన్లోనే కాఫీ తాగుతున్నారు. నేను పర్సనల్ విభాగంలో సీనియర్ ఆఫీసర్‌ని. మెంబర్ సెక్రటరీ అనగానే గొప్ప పదవి అనుకునేరు. అతనికి కమిటీలో కుర్చీ ఉంటుంది, ఓటు ఉండదు. ఫైళ్ళు పెట్టడం, మినిట్స్ రాయడం, చైర్మన్ గారు కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోతే వెతికి తేవడం అతని విధులు.

మా చైర్మన్ రామచంద్రప్ప గారు. హోదా డిప్యూటీ జనరల్ మేనేజర్. కోలారు వైపు మనిషి, ఇంట్లో తెలుగే. లంచం మాట ఎత్తితే గది బయటికి పంపేవారు. అంత మంచి మనిషికి ఉన్న ఒకే ఒక్క జబ్బు జనరల్ నాలెడ్జి. కాలేజీ రోజుల్లో క్విజ్ పోటీల్లో గెలిచిన షీల్డులు ఆయన గది అల్మారాలో వరసగా ఉండేవి. అన్నిటిలోకీ ఆయనకు ప్రాణం ఆసియా క్రీడల చరిత్ర. కొత్తగా చేరిన ఉద్యోగి నమస్కారం పెట్టడానికి వెళితే పాపం, అరగంట దాకా తిరిగొచ్చేవాడు కాదు. "యాభై ఒకటి ఢిల్లీ, యాభై నాలుగు మనీలా, యాభై ఎనిమిది టోక్యో, అరవై రెండు జకార్తా" అంటూ మొదలుపెట్టి, దారిలో నాలుగుసార్లు వచ్చే బ్యాంకాక్‌కి ఒక్కోసారి ఒక్కో వేలు మడిచి, "ఇరవై రెండు హాంగ్‌జౌ" దగ్గర ఆగేవారు. ఆగాక ఎదుటివాడి ముఖంలో ఆశ్చర్యం కనబడాలి. ఆ ముఖం పెట్టడంలో నాకు మంచి అనుభవం ఉంది.

కమిటీలో మామూలుగా క్రీడాధికారి కూడా ఉండాలి. ఆ పోస్టు ఖాళీగా ఉండడంతో అకౌంట్స్ విభాగం నుంచి ఒకాయనను కూర్చోబెట్టారు. ఆయనకు తెలిసిన ఆట క్యారమ్స్ ఒక్కటే. చైర్మన్ గారి తల ఎటు ఊగితే ఆయన తల అటు ఊగేది.

ఈ నియామకాల పద్ధతి కొంచెం చెప్పాలి. మొదట పత్రాల పరిశీలన, తర్వాత మైదానంలో ట్రయల్. దేశం తరఫున ఆడినవాళ్ళు ఫారం-1 అనే కాగితం తేవాలి. దాని మీద ఆ ఆట జాతీయ సమాఖ్య కార్యదర్శి సంతకం ఉంటుంది. అనుమానం వస్తే సమాఖ్యకు రాసి జవాబు తెప్పించుకోవాలి, అది నిబంధన. అయితే నిబంధనకు ఒక తోక ఉంది. పత్రం చూడగానే నకిలీ అని తెలిసిపోతోందని చైర్మన్ నమోదు చేస్తే ఎవరికీ రాయనక్కర్లేదు. అభ్యర్థి పేరు నిషేధిత జాబితాకు ఎక్కుతుంది. ఇక మా సంస్థలోనే కాదు, మా అనుబంధ సంస్థల్లో కూడా గేటు దాటనివ్వరు.

ఆగస్టు ఇరవై ఏడు, మంగళవారం. శైలజ అనే అమ్మాయి వచ్చింది. మడకశిర దగ్గరి పల్లె, హెబ్బగోడిలో గది తీసుకుని ఏదో గోడౌనులో పార్సెళ్ళ పని చేస్తోంది. వయోపరిమితి దాటడానికి ఆమెకు మూడు నెలలే ఉన్నాయి. ఆట సాఫ్ట్ టెన్నిస్. మెత్తటి రబ్బరు బంతితో ఆడే టెన్నిస్, 1994 నుంచి ఆసియా క్రీడల్లో ఉంది. ఆమెకు పతకం రాలేదు కానీ భారత జట్టులో ఆడింది. మా నిబంధనల ప్రకారం అది చాలు.

రామచంద్రప్ప గారు ఆట పేరు చదవగానే కళ్ళజోడు పైనుంచి చూశారు. "మెత్త టెన్నిసా? అయితే గట్టి టెన్నిస్, అరగట్టి టెన్నిస్ కూడా ఉండాయేమోనప్పా!" అన్నారు. అకౌంట్స్ ఆయన నవ్వారు. తర్వాత చైర్మన్ గారి వేలు ఒక వరుస దగ్గర ఆగింది. పైన "ఆసియా క్రీడలు, హాంగ్‌జౌ 2022" అని ఉంది. కింద, పోటీ జరిగిన తేదీల దగ్గర, 2023 సెప్టెంబరు, అక్టోబరు అని ఉంది.

"రెండువేల ఇరవై రెండు ఆటలు ఇరవై మూడులో ఎట్ల ఆడినావమ్మా? దొంగ కాగితం చేసేవాళ్ళయినా సరిగ్గా చేయొద్దా?" అన్నారు.

శైలజ పాస్‌పోర్టు తీసి ఆయన ముందుకు జరిపింది. "సార్, కోవిడ్ వల్ల ఒక ఏడాది ఆలస్యమాయె సార్. పేరు మాత్రం మార్చలేదు. నా పాస్‌పోర్టులో ముద్ర ఉండాది, చూడండి," అంది.

ఆయన పాస్‌పోర్టు తిరగేసి, చైనా పోయినట్టు ఉందే గానీ ఆడినట్టు లేదు కదా అన్నారు. నేను ఫోనులో వెతికి ఆయన ముందు పెట్టబోయాను. ఆయన ఫోను వాడేది మాట్లాడడానికి మాత్రమే. "లోపల పెట్టప్పా మూర్తీ. దాంట్లో ఎవడైనా ఏమైనా రాస్తాడు. నాలుగేళ్ళకొకసారి జరిగే ఆటలు, నాకు తెలీదా?" అని తెర వైపు కూడా చూడకుండా, పచ్చ సిరాతో, "ప్రథమ దృష్టిలోనే నకిలీ" అని రాసి సంతకం పెట్టేశారు. అకౌంట్స్ ఆయన దాని కింద పెట్టారు.

ఆ అమ్మాయి నన్ను వరండాలో పట్టుకుంది. ఏడవలేదు. కోపంగా ఉంది. "ఉద్యోగం రాకుంటే పోనీ సార్. దొంగ కాగితం తెచ్చినానని రాసినారే, దాన్ని తీయించండి. మా అమ్మ ఊర్లో అందరికీ చెప్పుకుని తిరుగుతా ఉండాది. ఇప్పుడు నేను ఆమెకి ఏం చెప్పేది?"

చూస్తానమ్మా అన్నాను. ఆఫీసులో ఆ మాటకు ఏమీ చేయలేను అని అర్థం. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అందుకే పాస్‌పోర్టు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది, నిజం చెప్పొద్దూ.

సాయంత్రం మళ్ళీ వెళ్ళి, కనీసం సమాఖ్యకు ఒక ఉత్తరం రాద్దాం సార్ అన్నాను. ఆయన కోప్పడలేదు. "నేను రాసింది నేనే కొట్టేస్తే రేపు నా సంతకానికి ఏం విలువ ఉంటాదప్పా?" అని నెమ్మదిగా అన్నారు. అప్పుడు అర్థమైంది నాకు. ఈ ఫైలుకు కావలసింది సాక్ష్యం కాదు, ఆయన పరువు తగ్గకుండా వెనక్కి వచ్చే దారి. మా నాన్నకు బళేపేటలో గాజుల అంగడి ఉండేది. గాజు ఎక్కకపోతే మీ చేయి లావు అని ఆయన ఏనాడూ అనలేదు. "ఈసారి ఫిరోజాబాద్ వాళ్ళు చిన్న సైజు పంపినారమ్మా" అనేవారు. బేరం పోయేది కాదు. మినిట్స్ శుక్రవారం సాయంత్రం హెడ్డాఫీసుకు వెళ్ళాలి. నా చేతిలో ఉన్నది మూడు రోజులు.

అదృష్టం కొద్దీ గురువారం జాతీయ క్రీడా దినోత్సవం. ఫ్యాక్టరీ రిక్రియేషన్ క్లబ్బుకు కార్యదర్శిని నేనే. ఏటా తాడులాగుడు, నిమ్మకాయ చెంచా పందెం పెట్టి మద్దూరు వడ పంచేవాళ్ళం. ఈసారి క్విజ్ కూడా పెడదాం సార్, విషయం ఆసియా క్రీడల చరిత్ర, మాస్టర్ మీరే అన్నాను. ఆయన ముఖం చూడాలి మీరు! రెండో ఆలోచన లేకుండా ఒప్పుకున్నారు. నేను ఊరు పేరు చెప్తాను, పోటీదారు సంవత్సరం చెప్పాలి అని ఆ రౌండు ఆయనే ప్రతిపాదించారు. అక్కడిదాకా నేనే నడిపించాననుకోండి. నియమాల కాగితం టైపు చేయించి సంతకానికి పెట్టాను. ఐదో నియమం, వివాదం వస్తే ఫ్యాక్టరీ లైబ్రరీలోని తాజా ఇయర్‌బుక్‌దే తుది నిర్ణయం. నియమాలంటే ఆయనకు మహా ఇష్టం కనుక చదివి మెచ్చుకుని మరీ సంతకం చేశారు. ఆ ఇయర్‌బుక్ ఒకసారి చూస్తారా అని అడిగితే, తలమీద వేలు పెట్టి చూపించి, అంతా ఇక్కడ ఉండాదిలే అన్నారు.

పోటీదారుల్లో పెయింట్ షాపు మునిరాజు ఉండేలా చూసుకున్నాను. మునిరాజు ఆడని ఆట ఉండొచ్చు కానీ చూడని ఆట లేదు. హాంగ్‌జౌ పోటీల కోసం రెండు వారాలు సెలవు పెట్టి ఇంట్లో టీవీ ముందు కూర్చున్న మనిషి. ఆ సెలవు చీటీలో కారణం నడుం నొప్పి అని రాశాడు. మంజూరు చేసింది నేనే. అతనికి నేనేమీ నేర్పలేదు, ముందు వరసలో చివరి కుర్చీ ఇచ్చాను అంతే.

గురువారం మధ్యాహ్నం క్యాంటీన్ నిండిపోయింది. రామచంద్రప్ప గారు టై కట్టుకుని వచ్చారు. మొదటి ప్రశ్న ఢిల్లీ. జవాబు 1951 అని రాగానే ఆయన ఉత్సాహం పట్టలేక అసలు కథ కూడా చెప్పారు. ఆ మొదటి ఆటలు 1950లోనే జరగాల్సిందట, ఏర్పాట్లు పూర్తి కాక మరుసటి ఏడు మార్చికి వెళ్ళాయట. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఆ మాటను జాగ్రత్తగా దాచుకున్నాను. టెహరాన్, సియోల్, హిరోషిమా, బుసాన్ అన్నీ సాఫీగా సాగాయి. ఆఖరున మునిరాజు వంతు.

"హాంగ్‌జౌ?"

"ఇరవై మూడు సార్."

"తప్పు. ఇరవై రెండు."

"సార్, సుమ్నే, ఊరికే తప్పంటే ఎట్ల? నేనే కదా చూసింది! నా నడుం నొప్పప్పుడు!" అని మునిరాజు లేచి నిలబడ్డాడు. వెనక వరసల్లో కుర్రకారు ఇరవై మూడే ఇరవై మూడే అని అరవడం మొదలుపెట్టారు. రామచంద్రప్ప గారు చేయెత్తి, నియమం ఐదు అన్నారు. ఇయర్‌బుక్ తెప్పించారు. తనే తెరిచారు. వేలు వరుస మీద నడిచింది, ఆగింది. మెడ దగ్గర్నుంచి ఎరుపు పైకెక్కడం నాకు స్పష్టంగా కనిపించింది.

నేను వేసుకున్న లెక్క ఆయనే పుస్తకం తెరిచి చూసుకునేదాకానే. మూడు వందల మంది ముందు ఈ పెద్దమనిషి పరువు పోతే, శైలజ ఫైలు ఇక దేవుడు దిగివచ్చినా కదలదు. నా మీద కోపమంతా ఆ అమ్మాయి మీదకు పోతుంది. మునిరాజు ఇంకేదో అనబోతుంటే చేతిలో ఒక మద్దూరు వడ పెట్టి కూర్చోబెట్టాను. మైకు అందుకున్నాను.

"సార్ ఇచ్చిన హింట్ మీరెవరూ పట్టుకోలేదు," అన్నాను. "ఢిల్లీ కథ ఊరికే చెప్పినారనుకున్నారా? ఆటలు ఒక ఏడాది వెనక్కి పోవచ్చని మొదటి ప్రశ్నలోనే సార్ చెప్పేసినారు. పేరు ఇరవై రెండు, జరిగింది ఇరవై మూడు. ఎవడు పట్టుకుంటాడో చూద్దామప్పా అని పొద్దున్నే నాతో అన్నారు."

అది పచ్చి అబద్ధం. నా సర్వీసులో అదే మొదటిదని చెప్పను కానీ, అంత సాఫీగా నోట్లోంచి వచ్చినది ఇంకొకటి లేదు. రామచంద్రప్ప గారు నా కేసి చూశారు. తర్వాత పుస్తకం మూసి, టై సర్దుకున్నారు.

"మునిరాజు ఒక్కడే పట్టినాడు చూడండప్పా! బోనస్ పాయింటు వేయండి!" అన్నారు. క్యాంటీన్ హోరెత్తిపోయింది. ఆయన మునిరాజు భుజం తట్టి, ఈ ప్రశ్న కోసం తను ఎంతో ఆలోచించానని కూడా చెప్పారు.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి పిలుపు వచ్చింది. శైలజ ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. పాత నోటు కొట్టేయలేదు. దాని కింద, అదే పచ్చ సిరాతో, కొత్త నోటు ఉంది. "పునఃపరిశీలనలో, పై క్రీడలు 2023లో జరిగినప్పటికీ 2022 అన్న పేరునే నిలుపుకున్నట్టు ఈ క్రింద సంతకం చేసినవారు గమనించడమైనది. సమాఖ్య ధ్రువీకరణకు లోబడి అభ్యర్థిని ట్రయల్‌కు పిలువవచ్చు." చదివి, చాలా సూక్ష్మమైన పరిశీలన సార్ అన్నాను. ఆయన తల పంకించారు. ముందు రోజు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మినిట్స్ సాయంత్రం నాలుగింటికే పంపించేశాను.

సోమవారం నాకు మెమో వచ్చింది. క్రీడల పేరులోని సంవత్సరానికీ అవి జరిగిన సంవత్సరానికీ తేడా ఉన్న ముఖ్య విషయాన్ని మెంబర్ సెక్రటరీ తన నోటులో ఎందుకు పొందుపరచలేదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. కింద రామచంద్రప్ప గారి సంతకం. ఆ కాగితం చూసి ఒళ్ళు మండిపోయింది. కాసేపు తిట్టుకున్నాను, కాసేపు నవ్వుకున్నాను. పొరపాటు జరిగింది, ఇకపై జాగ్రత్త వహిస్తాను అని రెండు వాక్యాలు రాసి ఇచ్చాను.

సమాఖ్య నుంచి జవాబు సవ్యంగా వచ్చింది. ట్రయల్లో శైలజ ఎదుటివాళ్ళను కోర్టు నాలుగు మూలలా పరుగెత్తించింది. వయసు గడువుకు పద్దెనిమిది రోజుల ముందు స్టోర్స్ విభాగంలో చేరింది. చేరిన రోజు మైసూర్ పాక్ పెట్టె పట్టుకుని నేరుగా చైర్మన్ గారి గదికి వెళ్ళింది. మిగిలిన రెండు ముక్కలు తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

"పెద్ద సార్ ఎంత మంచోరు సార్! రాత్రంతా పుస్తకాలు తిరగేసి కనుక్కున్నారంట," అంది. ఆపైన కొంచెం మొహమాటపడి, "మీరు ఆ రోజే ఇంకొంచెం గట్టిగా చెప్పుండొచ్చు కదా సార్, ఆయనకి ఇంత శ్రమ తప్పుండేది," అంది.

అవునమ్మా, చెప్పుండాల్సింది అన్నాను. మైసూర్ పాక్ మాత్రం బాగుంది.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు నన్ను అడుగుతుంటారు కనుక, ఆ వారంలో నేర్చుకున్నది చెబుతాను. పై అధికారి రాసిన తప్పును అతని చేతితోనే దిద్దించవచ్చు, అందుకు ఫైలు చదవడం వచ్చినట్టే మనిషిని చదవడం కూడా రావాలి. అయితే దిద్దిన పేరు పూర్తిగా అతనికే పోతుంది, తప్పు జరిగిన పేరు మీకు వస్తుంది, ఎవరి కోసం చేశారో వాళ్ళు కూడా అలాగే నమ్ముతారు. అది ముందే ఒప్పుకుని మొదలుపెట్టండి. ఒప్పుకోలేకపోతే చూస్తానమ్మా అని ఎవరికీ చెప్పకండి.