కూడికలో అమ్మమ్మ మాట

మా అమ్మమ్మ పోయిన ఏడాదికి, కోడూరు పక్కనున్న మా ఊళ్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. మా చర్చి సంఘంలో ఎవరు పోయినా ఏడాదికి ఇంటి ముందు షామియానా వేసి, పాటలు పాడి, ప్రార్థన చేసి, వచ్చినవాళ్లకు భోజనాలు పెట్టడం అలవాటు. మధ్యలో ఒకరు లేచి, పోయినవారి జీవిత చరిత్ర రాసుకొచ్చి చదవాలి. ఆ పని ఈసారి నాకు అప్పగించారు. అంతకుముందు మా కుటుంబంలో ఆడవాళ్లెవరూ ఆ కాగితం పట్టుకుని మైకు ముందు నిలబడలేదు.

నాకే ఎందుకంటే, చుట్టాల్లో నాకు చదువుకున్నదాన్నని పేరు. ఆ చదువు కాలేజీది కాదు. పదో తరగతి కాగానే పెళ్లి చేసి గుడివాడ పంపారు. పిల్లాడు బడికి వెళ్లడం మొదలయ్యాక, వంట ముగించుకుని గ్రంథాలయానికి నడిచేదాన్ని. మొదట వారపత్రికలు, తర్వాత నవలలు, ఆ తర్వాత చరిత్ర, ప్రయాణాలు, ఎవరూ ముట్టుకోని వ్యాసాలు. తెలియని మాట తగిలితే పై అరలోని నిఘంటువు దించమని అడిగేదాన్ని. కొత్తలో లైబ్రేరియన్ గారు, "వంటల పుస్తకాలు అటు పక్కన ఉన్నాయమ్మా" అనేవారు. కొన్నేళ్లకు కొత్త పుస్తకాల కట్ట విప్పుతూ, "వీటిలో ఏది ముందు పెట్టమంటారమ్మా?" అని నన్నే అడిగారు. ఆ సంగతి ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాను. చెప్పుకోదగ్గదే.

మావయ్య, అంటే అమ్మకు అన్న, బందరులో ఉద్యోగం చేసేవాడు. మా సంఘంలో పెద్ద. పక్కింటి ఫోనుకు చేసి, "నువ్వే రాయాలమ్మాయ్. మంచి భాషలో ఉండాలి. ఉయ్యూరు నుంచీ బందరు నుంచీ పెద్దపెద్దవాళ్లు వస్తున్నారు" అన్నాడు.

మంచి భాష అంటే నాకు కొదవేముంది? చదివిందంతా కుమ్మరించాను. రాసింది నాకే ముద్దొచ్చింది. కూడికకు ముందురోజు ఊరికి వెళ్లి, పెరట్లో చింతపండు గింజలు తీస్తున్న అమ్మకు చదివి వినిపించాను. "ఆ మహనీయురాలు సహనశీలియై, దైవభక్తిపరురాలై, కుటుంబ శ్రేయస్సు కొరకు తన జీవితమును ధారపోసి..." ఇలా సాగింది. అమ్మ చివరిదాకా విన్నది.

"బాగుందే. ఇంతకీ ఎవరి గురించే ఇది?"

"అమ్మమ్మ గురించే!"

"అట్టనా? ఎవరో హెడ్‌మాస్టరు గారి భార్య గురించేమో అనుకున్నా. మా అమ్మ ఏదే ఇందులో?"

నాకు రోషం వచ్చింది. కాగితం తీసుకుని లోపలికి వెళ్లి మళ్లీ చదువుకున్నాను. అమ్మ అన్నది నిజం. మా ఊళ్లో చదివిన జీవిత చరిత్రలన్నీ ఇలాగే ఉండేవి. పేరు మార్చితే ఎవరికైనా సరిపోతాయి. బతికినన్నాళ్లూ ఎవరికి వాళ్లుగా ఉన్న ఆడవాళ్లంతా ఆ కాగితంలోకి వచ్చేసరికి ఒకే మనిషి అయిపోయేవాళ్లు. మర్నాటి తర్వాత మా అమ్మమ్మ గురించి పదిమందిలో ఇంతసేపు మాట్లాడే సందర్భం మళ్లీ రాదు. ఆ ఒక్క రోజూ ఆవిడ ఆవిడలా కనబడకపోతే ఇంక ఎప్పటికీ కనబడదు.

అమ్మమ్మ వరి నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు పెద్ద. తొలకరి పడగానే రైతులే మా గుమ్మం ముందుకు వచ్చేవారు. పని నెమ్మదిగా జరుగుతోందని ఒక ఆసామి గట్టు మీద నిలబడి సణిగితే, "గట్టు మీద నుంచుని చెబితే నాకు ఇనపడదండీ, ఇట్టా బురదలోకి దిగి చెప్పండి" అన్నదట. ఎవరి వయసు అడిగినా మా ఊళ్లను ముంచిన ఉప్పెనతోనే లెక్క చెప్పేది. "వాడా? ఉప్పెనకి చంకలో ఉన్నాడు." దేవుడితోనూ అదే ధోరణి. పాస్టరుగారు దేవుడితో అచ్చు పుస్తకంలా మాట్లాడేవారు. ఈవిడ మాత్రం ఎదురింటి పెద్దమనిషిని నిలదీసినట్టు ప్రార్థన చేసేది.

అలాగని అక్షరాన్ని చిన్నచూపు చూసిన మనిషి కాదు. మా పేటలో మొదట అక్షరాలు నేర్చుకున్నది ఆవిడ తండ్రి, మిషను బడిలో. ఆయన దగ్గర చదవడం నేర్చుకున్న అమ్మమ్మ, సాయంత్రం దీపం పెట్టగానే పిల్లల్ని కూర్చోబెట్టి బైబిలు వాక్యం చదివించేది. ఎవరు తడబడినా ఆ వరుస కింద వేలు పెట్టి, సరిగ్గా చదివేదాకా వేలు తీసేది కాదు. గుడివాడ గ్రంథాలయానికి నన్ను నడిపించింది ఆ వేలే అని నా నమ్మకం. పుస్తకం భాషా, పొలం మాటా నాకు రెండూ ఒక ఇంట్లోంచే వచ్చాయి. అలాంటప్పుడు ఒకటి పెట్టి ఒకటి దాచడం ఎందుకు?

సాయంత్రానికి మళ్లీ రాశాను. బందరు నుంచి బస్సు దిగిన మావయ్య, చెప్పులు విప్పకుండానే కాగితం అందుకుని చదివాడు.

"ఇదేంటమ్మాయ్? 'రాలా', 'ఎండిపోతంది'... ఇవన్నీ మైకులో చదువుతావా?"

"అమ్మమ్మ మాటలే కదా మావయ్యా."

"అమ్మ మాటలే. అందుకే వద్దంటున్నాను. మనం ఎక్కడినుంచి వచ్చామో చూసి నలుగురూ నవ్వుకోవాలా? ఆఫీసులో నేను ఇన్నేళ్లు మాట మార్చుకుంది ఎందుకనుకున్నావ్?"

లోపల్నుంచి అమ్మ అందుకుంది. "మార్చుకున్నావులే. కోపమొస్తే నీకూ ఆ మాటే వచ్చిద్దిగా అన్నయ్యా."

"నువ్వు ఊరుకోవే!"

"మావయ్యా, గుడివాడ లైబ్రరీలో ఇలాంటి మాటలు బీరువాల నిండా ఉన్నాయి" అన్నాను. "అనంతపురం వాళ్ల మాటలు, శ్రీకాకుళం వాళ్ల మాటలు, పొలాల్లో పనిచేసే వాళ్ల మాటలు ఉన్నవి ఉన్నట్టు అచ్చేశారు. ముందుమాటలు రాసింది ప్రొఫెసర్లు. వాళ్ల అమ్మమ్మల మాట అచ్చుకి పనికొస్తే, మన అమ్మమ్మ మాట మైకుకి పనికిరాదా?"

"ప్రొఫెసర్లా?"

"నమ్మకపోతే గుడివాడ రండి, చూపిస్తాను."

మావయ్య కాగితం నా చేతిలో పెట్టాడు. "నీ ఇష్టం. రేపు నవ్వితే మాత్రం నన్ననొద్దు" అని షామియానా వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

మర్నాడు మైకు ముందు నిలబడ్డాను. అమ్మమ్మ తండ్రి గురించి, అక్షరాల గురించి నేను చదువుకున్న భాషలోనే మొదలుపెట్టాను. తర్వాత ఆవిడ మాటలు ఆవిడ యాసలోనే చదివాను. గట్టు మీది ఆసామి దగ్గరికి వచ్చేసరికి ముందు వరుస కుర్చీల్లో నవ్వులు వినిపించాయి. మావయ్య తల దించుకున్నాడు. ఇంతలో వెనక చాపల మీదినుంచి నాట్ల గుంపు ఆడవాళ్లు ఇంకా పెద్దగా నవ్వారు. ఒకావిడ లేచి, "అదీ! మా పెద్దమ్మ అట్టాగే అనేది!" అని అరిచింది. నా గొంతు పెరిగింది. ఆవిడ ప్రార్థన చదివాను.

"అయ్యా, కాలవకి నీళ్లు రాలా. నారు ఎండిపోతంది. నువ్వు చూడకపోతే ఇంకెవరు చూస్తారు? రేపంటావా, ఎల్లుండంటావా, ఏదో ఒకటి చెప్పు."

ఎవరూ నవ్వలేదు. పాస్టరుగారు అలవాటుగా కళ్లు మూసుకుని, "ఆమేన్" అన్నారు. షామియానా అంతా "ఆమేన్" అంది.

చివర్లో వందన సమర్పణకు మావయ్య లేచాడు. "ఈ సభకు విచ్చేసిన పెద్దలందరికీ..." అని మొదలుపెట్టి ఆగాడు. కాసేపు మైకు సరిచేశాడు.

"మా మేనకోడలు ఒకటి వదిలేసిందండీ. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, ప్యాంటూ షర్టూ వేసుకుని చేలోకెళ్లి, 'అమ్మా, భోజనం చేశావా?' అన్నాను. మా అమ్మ నడుమెత్తి చూసి, 'ఎవరు బాబూ నువ్వు? మావోడైతే బువ్వ తిన్నావా అంటాడే' అంది."

జనం నవ్వారు. మావయ్యా నవ్వాడు. నవ్వుతూనే జేబురుమాలు తీశాడు. ఆ తర్వాత చాపల మీదినుంచి ఒకరి తర్వాత ఒకరు లేచారు. ప్రతివాళ్ల దగ్గరా అమ్మమ్మ అన్న మాట ఒకటి ఉంది. ఎవరికి వాళ్లు దాన్ని ఆవిడ గొంతుతోనే చెప్పారు. కుర్చీల్లోంచి ఉయ్యూరు బంధువు ఒకాయన కూడా లేచి, వాళ్లమ్మ ఎలా మాట్లాడేదో చెప్పడం మొదలుపెట్టాడు.

వంటల దగ్గరినుంచి అమ్మ కేకేసింది. "అన్నాలు చల్లారిపోతన్నాయ్! రండి, తింటా చెప్పుకోండి!"

మావయ్య చేతిలో మైకు ఇంకా అలాగే ఉంది. "వత్తన్నాం ఉండవే!" అన్నాడు. ఆ మాట ఊరంతా వినబడింది.