మొదటి పేజీలో మంచినీళ్లు

రాష్ట్రం కోసం ఊరూరా ఉద్యమం సాగుతున్న రోజులు. రఘునాథపల్లి దాటగానే మా బస్సు ఆగింది. ముందు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి ఉద్యమకారులు వంటావార్పు చేస్తున్నారు. పొగంతా కిటికీల్లోంచి లోపలికొచ్చి, బస్సు మబ్బులో తేలుతున్నట్టుంది. ఎక్కడో అన్నం ఉడుకుతున్న వాసన.

నా ఒళ్లో ల్యాప్‌టాప్. ఉద్యమ వార్తల కోసం మిత్రులతో కలిసి నేను తయారుచేస్తున్న వెబ్‌సైట్ అందులో తెరిచి ఉంది. జనగామలో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దావిడ అటు తొంగిచూసింది. భూపాలపల్లి దవాఖానలో ఆమె కూతురికి నొప్పులు మొదలయ్యాయట.

“ముంగట ఏ తొవ్వ తెరిసుందో జర సూడు బిడ్డా.”

నొక్కుతూ పోయాను. చరిత్ర వచ్చింది, ఫొటోలు వచ్చాయి, ఉపన్యాసాలు వచ్చాయి. దారుల సంగతి ఎక్కడో అడుగున ఉంది. ఆమె చూపు తెర మీంచి కదల్లేదు. చివరికి దొరికింది.

“భూపాలపల్లికి పరకాల తొవ్వ తెరిసే ఉందమ్మా.”

ఆమె కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది.

అంతలో పొయ్యి దగ్గరి నుంచి ఒకాయన బిందె, చెంబు పట్టుకుని బస్సెక్కాడు. ఎవరు, ఎక్కడికి అని అడగకుండానే అందరికీ నీళ్లు పోశాడు. ఆమె దోసిలితో తాగి, తడి చేత్తో నా తెరవైపు చూపించింది.

“సూసినవా? ముందుగాల నీళ్లిచ్చిండు. ముచ్చట ఎన్క. నీ దాంట్ల గూడ గట్లనే పెట్టు బిడ్డా.”

దారి వదిలాక బస్సు కదిలింది. ఆమె పరకాల బస్సు కోసం హన్మకొండలో దిగి జనంలో కలిసిపోయింది. పుట్టింది ఆడపిల్లో మగపిల్లాడో నాకు తెలియలేదు.

ఇప్పటికీ ఏ వెబ్‌సైట్‌కు మొదటి పేజీ గీయడానికి కూర్చున్నా, ముందు నాకు దాహం వేస్తుంది.