ఉధ్నా రోడ్డు మీద తెగిన పోగు

సూరత్‌లో మరమగ్గాలు నడిపే మేం నలుగురం, తలసేమియా పిల్లల కోసం పెట్టిన మారథాన్‌లో జట్టుగా చేరాం. నలుగురమూ చివరి గీత దాటితేనే మా జట్టు పేరున విరాళం అందుతుంది. నలభై దాటిన నాకు అదే మొదటి పరుగు.

తెల్లవారుజాము మసక వెలుతురులో ఉధ్నా రోడ్డు నేసిన బట్టలా సాగిపోతోంది. పక్క కార్ఖానాల్లోంచి మగ్గాల చప్పుడు. నా కాళ్లు ఆ లయలో పడ్డాయి. అలుపు తెలియలేదు. నేను పరుగెత్తడం లేదు, రోడ్డే వచ్చి నా కింద చుట్టుకుంటోంది అనిపించింది.

ఉన్నట్టుండి కరెంటు పోయి చప్పుడు ఆగింది. మగ్గం ఆగిందంటే మా చేతులకు తెలిసింది ఒకటే, పోగు తెగిందని. నడిరోడ్డు మీద టక్కున ఆగి, వంగి, తెగిన పోగు కోసం గాలిలో వేళ్లతో వెతికాను. వెనకవాళ్లు వచ్చి గుద్దుకున్నారు. "పాగల్ హై క్యా" అని ఎవరో అరిచారు. సిగ్గుతో ఇక కాళ్లు కదల్లేదు.

మా జట్టులోనే ముందు వెళ్తున్న మా బావమరిది రాజేశం వెనక్కి వచ్చాడు. నా వేళ్ల వైపు చూశాడు. నవ్వలేదు.

"ఏంది బావా, పోగు తెగిందా? జర ముడేసి నడిపియ్."

గాలిలోనే ముడేసి కదిలాను. గీత దాటేదాకా అది తెగలేదు. ఇప్పటికీ ఏ పని మధ్యలో ఆగినా, నాకంటే ముందు నా వేళ్లే కదులుతాయి.