మేనత్త వేలిముద్ర

పింఛనుదార్లం ఏడాదికోసారి బతికే ఉన్నామని రుజువు చూపించుకోవాలి కదా, ఆ పని మీద మొన్న అమలాపురంలో ఓ కంప్యూటర్ కొట్టుకి వెళితే, అక్కడి మిషను నా బొటనవేలిని ఎంతకీ ఒప్పుకోలేదు. కొట్టులోని అమ్మాయి "గీతలు అరిగిపోయేయండి తాతగారూ, ఇంకాస్త గట్టిగా నొక్కండి" అంటూ నా వేలు తుడిచి మళ్ళీ మళ్ళీ పెట్టించింది. నా ఈడువాళ్ళకి ఇది నవ్వుకునే సంగతే గాని నాకు నవ్వు రాలేదు. ఒకప్పుడు నేను తప్పుపట్టిన వేలిముద్ర ఒకటి గుర్తుకొచ్చి తల దించుకుని కూర్చున్నాను.

డెబ్భైల చివరి మాట. బీకాం పాసై, కాలువల శాఖ లెక్కల విభాగంలో శిక్షణకి ఎంపికై అమలాపురంలోనే చేరాను. మాకు పని నేర్పే అకౌంటెంటుగారు పెదవి కదపకుండా మూడు వరసలు ఒకేసారి కూడేవారు, అంకె మీద అంకె దిద్దితే కాగితం మొత్తం మళ్ళీ రాయించేవారు. ఆయన మెచ్చుకోలు కోసం రూళ్ళ పుస్తకం బట్టీపట్టాను. ఉన్నవి రెండు చొక్కాలే అయినా ఇస్త్రీ మడత నలగనిచ్చేవాణ్ణి కాదు. మా నాన్న రాజోలు దగ్గర రైతని ఆఫీసులో చెప్పుకున్నాను. నిజానికి ఆయనకి సెంటు భూమి లేదు. నాన్నా, అమ్మా, మేనత్తా అందరూ వేసవిలో కాలువలకి నీళ్ళు కట్టేసినప్పుడు పూడిక మట్టి మోసి నన్ను చదివించినవాళ్ళే.

ఆ పూడిక గుంపుల్లో ఒక అలవాటు ఉండేది. మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీలో పేరున్న మనిషి జ్వరమొచ్చి పడుకుంటే, ఇంట్లో ఇంకొకరు వెళ్ళి ఆ పని చేసి, కూలి అందుకునేటప్పుడు ఆ పేరు ఎదుటే తమ వేలిముద్ర వేసేవారు. పేరు కొట్టేస్తే మళ్ళీ గుంపులో చోటు దొరకదని భయం. మేస్త్రీకి తెలుసు, ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు, ఎందుకంటే నాన్న మంచానపడ్డ ఏడు మా అమ్మ అలాగే వెళ్ళింది. రూలు ప్రకారం తప్పే. కాని చెయ్యని పనికి కూలి పుచ్చుకున్న మనిషిని నేనెరగను.

శిక్షణలో భాగంగా నాకిచ్చిన మస్టర్లలో ఓ మగమనిషి పేరు ఎదుట అడ్డంగా గాటున్న ముద్ర కనిపించింది. అంతకుముందు వారం పట్టీ తిరగేస్తే అదే గాటు ఓ ఆడమనిషి పేరు ఎదుట ఉంది. అవి బాప్తిస్మపు పేర్లు, ఇంటిపేరు దగ్గర ఒక్క అక్షరం, అలాంటి పేర్లవాళ్ళు మా వైపు ఊరికి పదిమంది. ఎవరోలే అనుకున్నాను. బదులు పనే అయ్యుంటుందని తెలిసీ, దొంగ హాజరని ముత్యాల్లాంటి అక్షరాలతో అభ్యంతరం రాసి పెట్టాను. "కళ్ళంటే నీవయ్యా!" అని అకౌంటెంటుగారు నలుగురిలో మెచ్చుకుని కాఫీ తెప్పించారు. ఆ ఇద్దరికీ ఆ తర్వాత రావలసిన కూలి నిలిపేశారు.

వారం తిరక్కుండా ఆ ఆడమనిషి ఆఫీసుకి వచ్చింది. తలెత్తి చూస్తే, అంతర్వేది వైపు ఇచ్చిన మా మేనత్త. మామయ్య రెండు వారాలుగా లేవలేదనీ, ఆ రోజుల్లో తన గుంపుకి పని లేక ఆయన పని తనే చేశాననీ, కూలి ఆపేస్తే మందులకి దారి లేదనీ చేతులు కట్టుకుని చెప్పింది. అకౌంటెంటుగారు చెడ్డవారు కారు. నా వైపు తిరిగి, "నువ్వు ఆ పక్కవాడివే కదా, ఇలా బదులు వెళ్ళే అలవాటు ఉందా?" అని అడిగారు. ఉందండీ అని ఒక్క మాటంటే మందలించి వదిలేసేవారని నాకు అప్పుడే తెలుసు.

"నాకు తెలీదండి" అన్నాను.

అత్త నన్నూ, నా చొక్కానీ ఒకసారి చూసింది. "ఆయ్, బాబుగారికెలా తెలుస్తదండీ, ఆరెప్పుడైనా కాలవలో దిగేరేంటండీ" అని ఆయనకి చెప్పి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ కూలి రాలేదు. మస్టరులో ఇద్దరి పేర్లూ కొట్టేశారు. మామయ్య మందుల కోసం అత్త గేదెని అమ్ముకుందట అని అమ్మ చెబుతుంటే, అయ్యో అని, వడ్డించిన అన్నం పూర్తిగా తిని లేచాను. డిపార్టుమెంటు పరీక్ష మొదటిసారే పాసయ్యాను. తర్వాత ప్రమోషన్లకీ లోటు లేదు.

ఇప్పుడు కాలువలో పూడిక మిషన్లే తీస్తున్నాయి, తట్ట పట్టేవాళ్ళు లేరు. మా పేటలో చదువుకున్న పిల్లలు, మా నాయనమ్మ మట్టి మోసి మమ్మల్ని ఇంతవాళ్ళని చేసిందని మైకు పట్టుకుని దర్జాగా చెబుతుంటే నాకెంతో ముచ్చటేస్తుంది, వాళ్ళ ముందు వరసలో కూర్చోడానికి మాత్రం సిగ్గేస్తుంది. ఆ ఒక్క మాట అనడానికి నాకెందుకు నోరు రాలేదో ఈనాటికీ సరిగ్గా చెప్పలేను.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఆఫీసులో జరిగింది ఆవిడ మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కాని అంతవరకూ నన్ను నోరారా ఒరేయ్ అని పిలిచిన మనిషి, ఆ తర్వాత మా ఇంట్లో, నాన్న ఎదుట కూడా, బాబుగారూ అనే పిలిచింది. అది నా ఉద్యోగానికిచ్చిన మర్యాద అనుకుని మావాళ్ళంతా మురిసిపోయేవారు.