గీత చెరిపాను, గుడ్డ మరిచాను

ఆ రోజుల్లో మనుషుల నోళ్లన్నీ మాస్కుల వెనకే ఉండేవి. రోజుకు నాలుగుసార్లు అద్దం ముందు నోరు తెరిచి నిలబడ్డవాణ్ణి మేం వలసొచ్చి ఉంటున్న బమ్రోలి గల్లీ మొత్తానికి బహుశా నేనొక్కణ్ణే. ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ, సరిగ్గా ఇరవై రెండేళ్లు తంబాకు దాచుకున్న చోట. మరమగ్గాల కార్ఖానాలో గుడ్డ పరీక్షించే పని నాది. అంగుళానికి పోగులెన్నో లెక్కపెట్టే చిన్న భూతద్దంతోనే ఆ మచ్చనూ కొలిచేవాణ్ణి. (పెద్ద చదువు లేదు గానీ, కొలవకుండా దేన్నీ నమ్మే అలవాటూ లేదు.)

మొదటి డాక్టరు ఆ మచ్చలో చిన్న ముక్క కోసి పరీక్ష చేయించాడు. "క్యాన్సర్ కావచ్చు. పెద్ద ఆపరేషన్ అవసరం పడవచ్చు. ఇంకొకరికీ చూపించుకో" అంటూ రిపోర్టుతో పాటు, ముక్కను అంటించిన గాజు పలక కూడా చేతికిచ్చాడు.

మా కార్ఖానాలో ఒక రివాజు ఉంది. గుడ్డలో లోపముందని ఒకరు సుద్దతో గీత పెడితే, రెండోవాడికి ఇచ్చే ముందు ఆ గీత తుడిచేస్తాం. గీత కనబడితే లేని లోపమూ ఉన్నట్టే తోస్తుంది. డాక్టర్లకైనా అంతే కదా అనుకున్నాను. రిపోర్టూ పలకా బీరువాలో బట్టల కింద పెట్టి, భార్యను వెంటబెట్టుకుని, ఊరి అవతలి కొసన వరాఛాలో ఉన్న పెద్ద డాక్టరమ్మ దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లాను.

ప్లాస్టిక్ తెర వెనక నుంచి ఆవిడ హిందీలో అడిగింది: "ఏమిటి బాధ?"

"మీరే చూసి చెప్పాలి మేడమ్."

"ఇంతకుముందు ఎవరికి చూపించావు?"

"అది చెప్తే మీ లెక్క చెడిపోతుంది."

మాస్కు పైన ఆవిడ కనుబొమలు లేచాయి. సుద్ద గీత సంగతంతా వివరించాను. శ్రద్ధగా విని, నా మాస్కు తీయించి నోట్లోకి టార్చి వేసి చూసి, "మంచి పద్ధతే భాయ్. గీత చెరిపావు, సరే. గుడ్డ ఏది? కోసిన ముక్క చూడకుండా నేనేం చెప్పను? మళ్లీ కొయ్యమంటావా?" అంది.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అప్పుడు నా భార్య సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి మూత విప్పింది. రొట్టెలుండాల్సిన చోట చేతిరుమాలు, అందులో గాజు పలక, మడిచిన రిపోర్టు.

"నువ్వు గిట్ల జేస్తవని నాకెర్కనే," అంది నాతో. "పొద్దుగాలనే బీరువాలకెళ్లి తీసిన. పోగులు నువ్వు లెక్కవెట్టుకో, నిన్ను నేను లెక్కవెట్టుకుంట. ఇగ జర నోరు మూసుకో, మేడమ్ చూసుడైంది."

నాలుగు రోజులకు కబురొస్తే మళ్లీ వెళ్లాం. "క్యాన్సర్ కాదు. కానీ అటు పోయే దారిలో ఉంది. మచ్చ తీసేద్దాం. తంబాకు ముట్టొద్దు, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకో," అని చెప్పి ఆవిడ నవ్వింది. "పలకను రిపోర్టు లేకుండానే చూడమని ల్యాబుకు పంపాను. నీ రివాజే పాటించాను భాయ్."

ఆ మాట కార్ఖానాలో ఎన్నిసార్లు చెప్పుకున్నానో! (టిఫిన్ డబ్బా సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.)

భూతద్దం ఇప్పటికీ అద్దం పక్కనే ఉంటుంది. నోరు తెరిచినప్పుడల్లా ఆ రోజు ఖాళీ చేతులతో బయల్దేరిన మనిషి, అప్పటి నేను, గుర్తొచ్చి నవ్వొస్తుంది. న్యాయంగా చూడాలనే గీత చెరిపానని ఆ మనిషి గట్టిగా నమ్మాడు. నిజానికి ఆ కాగితం మీది మాట ఇంకో నోట వినడానికి భయపడ్డాడంతే. అన్నీ కొలిచినవాడికి తన భయమొక్కటే కొలతకు చిక్కలేదు. టిఫిన్ డబ్బా సర్దిన మనిషికి మాత్రం అది ఆ పొద్దునే తెలుసు.