మేకల ఎస్. ఎవరు?

1984 ఎండాకాలం. నంద్యాల బస్టాండుకు దగ్గర్లో ఒక మేడ మీద నా టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పొద్దున పిల్లలకు టైపు నేర్పేవాణ్ణి, మధ్యాహ్నం జాబ్ వర్క్, అంటే ఎవరేది తెస్తే అది కొట్టిచ్చేవాణ్ణి. స్పెల్లింగ్ ఒక్కటి తప్పు పడినా నాకు అన్నం సహించేది కాదు. అంత గీర ఉన్న నేను చేసిన నిర్వాకం ఇది.

డాక్టర్ మేకల సుగుణమ్మది ఆళ్లగడ్డ. తండ్రి రిటైరైన బడిపంతులు. ఆమె మెడికల్ కాలేజీలో పనిచేస్తూ షుగరు జబ్బు మీద పరిశోధన చేసేది. కొర్రన్నం తింటే రక్తంలో చక్కెర ఎంత పెరుగుతుందో, వరి అన్నం తింటే ఎంతో, కోయిలకుంట్ల పల్లెల్లో తిరిగి రాసుకొచ్చేది. ఆ పేపర్లన్నీ, అంటే పత్రికలకు పంపే పరిశోధన వ్యాసాలు, నేనే టైపు చేశాను.

ఆ రోజు ఆమె ఒక ఉత్తరం నా ముందు పెట్టి కుర్చీలో కూలబడింది.

"ఏందన్నా ఇది? నేను దొంగనంట."

ప్రొఫెసరు పోస్టుకు అర్జీ పెట్టుకుంది. కమిటీ వాళ్లు సైటేషన్ ఇండెక్స్ చూశారు. ఎవరి పేపరును ఎవరెవరు తమ పేపర్లలో ఉదహరించారో చూపే లావు పుస్తకం అది. అందులో సుగుణమ్మ ఎం. పేరు కింద సగం పేపర్లే ఉన్నాయట. మిగతావి మేకల ఎస్. అనే మరొకరివట. ఇతరుల పేపర్లు మీవని ఎలా రాసుకున్నారో పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇమ్మన్నారు.

"ఈ మేకల ఎస్. ఎవరమ్మా? మీ కాలేజీలోనే పనిచేస్తాందా?" అన్నాను.

"నాకేం తెలుసన్నా! నేను రాసినవి ఆమెవెట్లయినాయి?"

ఇద్దరం తలలు పట్టుకున్నాం. మేకల అనే పేరున్న అరవ డాక్టరెవరో అయి ఉంటుందన్నాను. ఆమె పేపర్లు అచ్చం సుగుణమ్మ పేపర్లలాగే ఎందుకుంటాయని మళ్లీ నన్ను నేనే అడిగాను. బుర్ర తిరిగిపోయింది.

చివరికి బీరువాలోంచి కార్బన్ కాపీలు తీసి బల్లమీద పరిచాను. పాత పేపర్ల మీద మేకల సుగుణమ్మ అని ఉంది. తర్వాతి వాటి మీద సుగుణమ్మ మేకల. ఆ మార్పు చేసింది నేనే.

పాత పేపర్లకూ తర్వాతి వాటికీ మధ్యలో, ఒక ఫారిన్ పత్రిక రచయితలకిచ్చిన సూచనలు చదివాను. ఇంటిపేరు చివర ఉండాలని అందులో ఉంది. డాక్టరమ్మ పేరు దొరల పద్ధతిలో దిద్దుతున్నానని మురిసిపోతూ, ఆమెకు మాట మాత్రమైనా చెప్పకుండా మార్చేశాను. పేరుండే పైపేజీ ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. ఆ సైటేషన్ ఇండెక్సేమో పేరులో చివరి మాటనే ఇంటిపేరు అనుకుని, ముందు మాటను ఒక్క ఇంగ్లీషు అక్షరం చేస్తుంది. మేకల సుగుణమ్మ అని ఉంటే సుగుణమ్మ ఎం., సుగుణమ్మ మేకల అని ఉంటే మేకల ఎస్. అలా ఒక మనిషిని ఇద్దర్ని చేశాను.

"తప్పు నాదమ్మా," అన్నాను.

"నేనెవరో నాకే తెలీకుండా చేసినావు గదన్నా!" అంది. కోపం కంటే అయోమయమే ఎక్కువ ఆ మాటలో.

మర్నాడు వాళ్ల నాయన ఆమె పేరున్న బడి సర్టిఫికెట్టు, ఎస్సెల్సీ పుస్తకం పట్టుకుని ఆళ్లగడ్డ బస్సులో వచ్చాడు. అంతా విని, "ఇంటిపేరు ముందర పెడితే ఒక మనిషి, ఎనక పెడితే ఇంకో మనిషా? ఇద్దరూ మా పాపేనని రాయప్పా" అన్నాడు. అదే రాశాను. టైపిస్టుగా నా తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టి, కార్బన్ కాపీలు జతచేశాను.

కమిటీ ఒప్పుకుంది. పోస్టు ఆమెకే వచ్చింది. అప్పటి నుంచీ, పేరు ఎలా కొట్టాలో ఆ పేరుగల మనిషిని అడగనిదే నేను కీ మీద వేలు పెట్టలేదు. ఇది నేర్చుకోవడానికి ఒకరి పరువు బజారున పడాల్సి వచ్చిందే అని ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పోస్టు ఆర్డరు వచ్చాక కొత్త పేపరుతో తండ్రీ కూతుళ్లిద్దరూ వచ్చారు. "పేరు ఎట్ల కొట్టమంటావమ్మా?" అని అడిగాను. ఆమె ఆర్డరు నా చేతికిచ్చింది. అందులో డాక్టర్ ఎస్. మేకల అని ఉంది. సుగుణమ్మ అన్న మాటే ఎక్కడా లేదు.

"ఇట్లనే కొట్టన్నా. మళ్లీ మారిస్తే మూడో మనిషి పుడ్తాది."

పెద్దాయన కూతురి ముఖంలోకి చూసి, "అయితే ఇంకమీద నిన్ను ఏమని పిలవాలమ్మా?" అన్నాడు.